పాటకు పట్టా ఎవరి పేరున? సామ్ కుక్ అసలు పోరాటం

అమెరికా నల్లజాతి గాయకుడు సామ్ కుక్ గురించి ఎవరు రాసినా గొంతుతో మొదలుపెట్టి తుపాకీ గుండుతో ముగిస్తారు. మధ్యలో పౌర హక్కుల ఉద్యమానికి ఊపిరిపోసిన పాట ఒకటి వస్తుంది. పట్టులాంటి గొంతు, 33 ఏళ్లకే చావు, లాస్ ఏంజెలెస్‌లో ఓ చవకబారు మోటెల్, ఆ రాత్రి మీద ఇప్పటికీ తీరని అనుమానాలు. నల్లజాతి చర్చి పాటల్లోంచి పుట్టిన సోల్ సంగీతం మీద కాస్త ఇష్టం ఉన్నవాళ్లందరికీ ఈ కథ తెలుసు. దాన్ని నేను మళ్లీ చెప్పను. ఈ కథ చెప్పే పద్ధతి వల్ల అతనికి ఆరు దశాబ్దాలుగా అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. గొంతు పుట్టుకతో వచ్చింది. చావు ఎవరి చేతుల్లోనో వచ్చింది. ఈ రెండింటి మధ్య అతను కావాలని, తెలిసి, పట్టుబట్టి చేసిన పని ఒకటుంది. తన పాట తన పేరున ఉండాలని పోరాడాడు. పాడినందుకు కూలి తీసుకుని ఇంటికి వెళ్లిపోకుండా, పాటకు పట్టా అడిగాడు.

సామ్ కుక్ 1931 జనవరి 22న మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు. తండ్రి పాస్టరు. 1930ల మొదట్లోనే కుటుంబం షికాగోకు వలసపోయింది కాబట్టి, ఆ ఊరు అతని జ్ఞాపకాల్లో పెద్దగా ఉండి ఉండదు. అయినా ఆ ఊరి గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. అది పత్తి నేల. బానిసత్వం పేరుకు పోయాక అక్కడ నల్లజాతి వాళ్లకు మిగిలింది పాలుకు సేద్యం. భూమి తెల్ల దొరది. విత్తనం, గాడిద, తిండిగింజలు దొర కొట్టులో అప్పు. పత్తి ఏరి తూకం వేశాక లెక్కలు రాసేదీ దొరే. ఏడాదంతా చాకిరీ చేసిన కుటుంబం చివరికి ఆ లెక్కల్లో బాకీ తేలేది. బాకీ తీరేదాకా ఊరు వదలడానికి వీల్లేదు. మన పల్లెల్లో కౌలుకు చేసినవాళ్లకు, పంట ఇంటికి రాకముందే వ్యాపారికి రాసిచ్చినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు 1950ల నాటి రికార్డింగ్ ఒప్పందాన్ని దీని పక్కన పెట్టి చూడండి. కంపెనీ గాయకుడికి అడ్వాన్స్ ఇస్తుంది. స్టూడియో ఖర్చు, వాద్యకారుల ఖర్చు గాయకుడి ఖాతాలో రాసుకుంటుంది. రికార్డులు అమ్ముడుపోయాక అతని వాటా నుంచి ముందు ఇవన్నీ మినహాయిస్తుంది. ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పేదీ కంపెనీయే, లెక్క రాసేదీ కంపెనీయే. పాట రికార్డయిన అసలు టేపు మాత్రం శాశ్వతంగా కంపెనీదే. భూమి దొరది, కొట్టు దొరది, తూకం దొరది. పత్తి బదులు పాట, అంతే తేడా. దక్షిణాది నుంచి రైలెక్కి షికాగోకు, డెట్రాయిట్‌కు పారిపోయిన లక్షల కుటుంబాల పిల్లలు మైకు ముందుకు వచ్చేసరికి అదే పాలు సేద్యం వాళ్లకంటే ముందే వచ్చి స్టూడియోలో కూర్చుంది. సోల్ సంగీతం చరిత్రను ఈ కోణంలో చూడకపోతే దానిలో సగం అర్థం కాదని గట్టిగా నమ్ముతాను.

ఇందులో బయటపడే దారి ఒక్కటే ఉండేది. పాట రాసినవాడికి, ఆ పాట పబ్లిషింగ్ హక్కు, అంటే రాసిన పాట మీద వ్యాపార హక్కు, ఉన్నవాడికి చట్టం వేరే డబ్బు ఇచ్చేది. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం అమ్ముడైన ఒక్కో రికార్డుకు, ఒక్కో పాటకు 2 సెంట్లు. 1978 దాకా ఆ రేటు మారలేదు. రెండు సెంట్లంటే ఏముంది అనిపించవచ్చు. పది లక్షల రికార్డులు అమ్ముడైతే 20,000 డాలర్లు, అదీ 1950ల డాలర్లు. పైగా అది స్టూడియో బాకీలో కొట్టుకుపోదు, మొదటి రికార్డు నుంచే లెక్కకు వస్తుంది. జనం రికార్డు కొనేది ఒక వైపు ఉన్న హిట్ పాట కోసమే అయినా, వెనకవైపు పాటకూ అంతే డబ్బు. ఇక రేడియో సంగతి మరీ విడ్డూరం. అమెరికాలో రేడియోలో పాట మోగితే పాట రాసినవాళ్లకు, పబ్లిషర్‌కు మాత్రమే డబ్బు వెళ్తుంది. పాడిన గొంతుకు ఒక్క సెంటూ రాదు. మామూలు రేడియో స్టేషన్ల విషయంలో ఈ రోజుకీ అదే పద్ధతి. లోకంలో అంత మధురమైన గొంతు మరొకటి లేదని మనం మెచ్చుకునే మనిషికి ఆ గొంతు మోగినందుకు రూపాయి రాని దేశం అది. అలాంటి దేశంలో కుక్ కలం పట్టుకోవడాన్ని కళ ఒక్కదానితోనే కొలవకూడదు.

ఇదంతా అతనికి చర్చిలోనే తెలిసింది. 1950లో, 19 ఏళ్ల వయసులో సోల్ స్టిరర్స్ అనే గాస్పెల్ (చర్చి భక్తిగీతాల) బృందంలో చేరాడు. ఆర్.హెచ్. హారిస్ లాంటి మహా గాయకుడు వదిలేసిన చోటది. హారిస్ లాగా గొంతు చించుకుని పాడబోయి, తన వల్ల కాక, ఆ స్వరాన్ని అందుకోలేని చోట కిందనుంచి వంపు తిప్పి దాటేయడం నేర్చుకున్నాడు. ఆ వంపే తర్వాత అతని గుర్తింపు అయింది. ఆరేళ్ల పాటు కారులో దేశమంతా తిరిగి చర్చిల్లో, హాళ్లలో పాడారు. జనం ఏడ్చేవారు, మూర్ఛపోయేవారు. దక్షిణాదిలో రాత్రి పడుకోవడానికి హోటల్ దొరికేది కాదు. రికార్డులు మాత్రం లాస్ ఏంజెలెస్‌లోని స్పెషాలిటీ కంపెనీ అమ్ముకునేది. అదే కంపెనీలో అదే కాలంలో రాక్ అండ్ రోల్‌ను ఊపేసిన లిటిల్ రిచర్డ్ తన పాటల డబ్బు కోసం తర్వాత ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. కుక్ ఇదంతా పక్కనుంచి చూశాడు.

1957లో జరిగిన సంఘటన చూడండి. అప్పటికే ఒకసారి డేల్ కుక్ అనే మారుపేరుతో ప్రేమపాట విడుదల చేశాడు. ఆ గొంతును గుర్తుపట్టని చర్చి శ్రోత ఒక్కరూ లేరు. ఇక దాచుకోవడం ఎందుకని నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్‌తో కలిసి తెల్లవాళ్ల పాప్ పాటల్లో ఉండే కోరస్ పెట్టి రికార్డింగ్‌కు దిగాడు. స్పెషాలిటీ యజమాని ఆర్ట్ రూప్ స్టూడియోలోకి వచ్చి, ఆ కోరస్ విని మండిపడ్డాడు. గొడవ ముదిరింది. బ్లాక్‌వెల్‌కు తను బాకీ ఉన్న రాయల్టీకి బదులుగా ఆ టేపులనూ, కుక్‌నూ వదులుకుని చేతులు దులుపుకున్నాడు. ఆ టేపుల్లోని పాట ‘యు సెండ్ మీ’. కొత్తగా పుట్టిన కీన్ కంపెనీ నుంచి బయటికొచ్చి పాప్ జాబితాలోనూ, నల్లజాతి సంగీత జాబితాలోనూ మొదటి స్థానానికి ఎక్కింది. పది లక్షలకు పైగా అమ్ముడైంది.

ఇదంతా అందరూ రాసేదే. ఆ రికార్డు మీద ఉన్న పేరు దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. పాట రాసింది సామ్. రికార్డు మీద రచయితగా అచ్చయింది అతని తమ్ముడు ఎల్.సి. పేరు. ఎందుకంటే రచయితగా సామ్ స్పెషాలిటీ పబ్లిషింగ్ ఒప్పందంలో ఉన్నాడు. తన పేరు పెడితే ఆ రెండు సెంట్లు ఆర్ట్ రూప్‌కు వెళ్తాయి. 26 ఏళ్ల పాస్టరు కొడుకు, తన జీవితంలోకెల్లా పెద్ద హిట్ మీద తన పేరు వదులుకుని, హక్కు మాత్రం ఇంట్లో ఉంచుకున్నాడు. తమ్ముడి పేరున పొలం రాయించి బాకీదారు చేతికి చిక్కకుండా కాపాడుకునే రైతు తెలివి అది. తర్వాత దీని మీద తగాదాలు నడిచాయి. అయినా ఆ పని నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. పేరు మీద మోజున్న వయసులో, పేరే సర్వస్వమైన రంగంలో, కాగితంలో ఏముందో అంత స్పష్టంగా చూడగలగడం సామాన్యం కాదు.

కీన్ కంపెనీ కూడా డబ్బు సరిగా ఇవ్వలేదు. ఆ తగాదా మీదే బయటికొచ్చాడు. అప్పటికి అతని పక్కన జె.డబ్ల్యూ. అలెగ్జాండర్ ఉన్నాడు. పిల్‌గ్రిమ్ ట్రావెలర్స్ అనే మరో గాస్పెల్ బృందం మనిషి, వయసులో పెద్దవాడు, పబ్లిషింగ్ అంటే ఏమిటో కుక్‌కు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పినవాడు. ఇద్దరూ కలిసి కాగ్స్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ కంపెనీ నడిపారు. సోల్ స్టిరర్స్ పెద్ద ఎస్.ఆర్. క్రెయిన్ కూడా చేరాక ఎస్ఏఆర్ రికార్డ్స్ మొదలైంది. సామ్, అలెక్స్, రాయ్, ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలవి. ముగ్గురూ చర్చి పాటగాళ్లే. 1960లో ఆర్సీఏ లాంటి పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు కూడా కుక్ తన పాటల పబ్లిషింగ్‌ను కాగ్స్‌లోనే ఉంచుకున్నాడు. చిన్న కంపెనీని మూసేయలేదు. పగలు ఆర్సీఏకు పాడుతూనే తన కంపెనీ స్టూడియోలో కుర్రవాళ్లకు పాట నేర్పించాడు.

ఆ కుర్రవాళ్లలో క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన వోమాక్ అన్నదమ్ములు ఐదుగురు. తండ్రి భక్తుడు. కొడుకులు లోకం పాటలు పాడతామనేసరికి ఇంట్లో చోటు లేదన్నాడు. కుక్ డబ్బు పంపి వాళ్లను లాస్ ఏంజెలెస్ రప్పించుకున్నాడు. వాలెంటినోస్ అని పేరు మార్చాడు. 1964లో వాళ్లు చేసిన ఒక పాట అమెరికా జాబితాల్లో ఎక్కే లోపే, ఇంగ్లండ్ నుంచి వచ్చిన రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ దాన్ని తీసుకుని పాడేశారు. బ్రిటన్‌లో ఆ బృందానికి మొట్టమొదటి నంబర్ వన్ అదే. 20 ఏళ్ల బాబీ వోమాక్ కడుపు రగిలిపోయింది. మా పాట మేం పాడుకుంటుంటే వాళ్లెవరు అన్నాడు. కుక్ అతనికి నచ్చజెప్పాడు. తర్వాత మొదటి రాయల్టీ చెక్కు వచ్చింది. ఇకనుంచి ఆ కుర్రాళ్లకు ఏ పాట కావాలన్నా ఇస్తానన్నానని వోమాక్ పెద్దయ్యాక చాలా సందర్భాల్లో చెప్పుకున్నాడు.

ఈ ముచ్చట చెప్పి జనం నవ్వుకుంటారు. నాకు ఇందులో విప్లవం కనిపిస్తుంది. అప్పటిదాకా నల్లజాతి వాళ్ల పాట తెల్ల గొంతులోకి వెళ్లిందంటే దాని అర్థం దోపిడీ. పాట పోయింది, పేరు పోయింది, డబ్బు పోయింది. ఇక్కడ లెక్క తిరగబడింది. లండన్ కుర్రాళ్లు పాడిన ప్రతిసారీ హాలీవుడ్‌లో నల్లవాళ్ల చిన్న ఆఫీసుకు డబ్బు వచ్చింది. పాట ఎవరి నోట మోగినా ఫలసాయం రాసినవాడి ఇంటికే చేరుతుందని ఒక కుర్రాడు కళ్లారా చూశాడు.

ఇలా మాట్లాడితే ఒక అభ్యంతరం వస్తుంది. కుక్ తెల్లవాళ్ల మెప్పు కోసం తన సంగీతాన్ని పలచన చేసుకున్నాడని, న్యూయార్క్ కోపాకబానా క్లబ్బులో టక్సీడో వేసుకుని పాత ప్రేమపాటలు పాడినవాణ్ని విప్లవకారుడంటే ఎలాగని అడిగేవాళ్లున్నారు. ఆర్సీఏలో అతను చేసిన కొన్ని రికార్డుల్లో తీపి ఎక్కువైన మాట నిజం. వయొలిన్లు అవసరానికి మించి ఉన్నాయి. కానీ ఆ పాటల డబ్బే ఎస్ఏఆర్ కంపెనీని నిలబెట్టింది, ఎవరూ అడగని గాస్పెల్ రికార్డులకు స్టూడియో అద్దె కట్టింది. 1961లో మెంఫిస్‌లో నల్ల శ్రోతలను విడిగా కూర్చోబెడతారని తెలిసి ప్రదర్శనే మానుకున్నదీ ఇదే మనిషి. ఆ రోజుల్లో ప్రదర్శన రద్దు చేసుకోవాలంటే వెనక వేరే ఆదాయం ఉండాలి. ఆ ధైర్యం అతనికి కాగ్స్ మ్యూజిక్ ఇచ్చింది.

ఇక మొదట్లో చెప్పిన ఆ ఉద్యమ పాట. 1963 అక్టోబరు 8న లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ముందే గది బుక్ చేసుకున్న హోటల్‌కు భార్య బార్బరాతో, బృందంతో వెళ్తే, మొహం చూసి గదుల్లేవన్నారు. కుక్ గొడవకు దిగాడు. అక్కడినుంచి వేరే హోటల్‌కు వెళ్లేసరికి పోలీసులు వచ్చి శాంతిభంగం కింద అరెస్టు చేశారు. అదే ఏడాది జూన్‌లో ఏడాదిన్నర కొడుకు విన్సెంట్ ఇంటి ఈతకొలనులో పడి చనిపోయాడు. బాబ్ డిలన్ లాంటి తెల్ల కుర్రాడు నల్లవాళ్ల బాధ మీద ‘బ్లోయింగ్ ఇన్ ది విండ్’ రాస్తే తను రాయకపోవడమేమిటన్న సిగ్గు కూడా అతన్ని తినేసింది. వీటన్నిటినుంచి ‘ఎ ఛేంజ్ ఈజ్ గొనా కమ్’ పుట్టింది. రెనే హాల్ సమకూర్చిన వాద్యాలు, ఫ్రెంచ్ హార్న్, మద్దెలలా మోగే టింపనీ. మొదటి పదం పలికేలోపే ఒక సభ లేచి నిలబడినట్టుంటుంది. 1964 ఫిబ్రవరి 7న జానీ కార్సన్ టీవీ షోలో ఒకే ఒక్కసారి పాడాడు. ఆ టేపును టీవీ సంస్థ ఎన్‌బీసీ భద్రపరచలేదు. సింగిల్‌గా విడుదలయ్యేనాటికి అతను చనిపోయి పది రోజులు దాటింది. అది కూడా మరో పాటకు వెనకవైపు. సినిమాహాలు దగ్గర, ఊళ్లో అడ్డగించి వెళ్లగొట్టిన అనుభవం చెప్పే చరణాన్ని ఆ సింగిల్‌లో కత్తిరించేశారు. ఆ పాటలోకెల్లా సూటిగా రాజకీయం మాట్లాడిన చరణమది.

ఈ పాటను గురించి చెప్పేటప్పుడు అందరూ అన్నాళ్లూ ప్రేమపాటలు పాడినవాడు ఆఖర్లో మేలుకొన్నాడన్నట్టు రాస్తారు. అది తప్పు. హోటల్ గుమాస్తా గది లేదన్నప్పుడు అతనికి కలిగిన కోపం, కంపెనీ లెక్క చూపనన్నప్పుడు కలిగిన కోపం ఒక్కటే. నీ డబ్బు చెల్లుతుంది, నువ్వు చెల్లవు అన్నది హోటల్. నీ గొంతు చెల్లుతుంది, నీ సంతకం చెల్లదు అన్నది కంపెనీ. తన జుట్టును రసాయనాలతో సాపు చేయకుండా సహజంగా వదిలేయడం, నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్‌తో, బాక్సర్ మహమ్మద్ అలీతో స్నేహం, పబ్లిషింగ్ కంపెనీ, ఈ పాట, ఇవన్నీ ఒకే మనిషి ఒకే కాలంలో చేసిన పనులు. వీటిని విడదీసి ఒకదాన్ని కళ అని, మరొకదాన్ని వ్యాపారం అని అల్మారాలో వేర్వేరు అరల్లో పెట్టడం మనకు సుఖంగా ఉంటుంది. అతనికి అవి వేరు కాదు.

అలాంటి మనిషి కూడా మోసపోయాడు. ఈ భాగం రాయడం నాకు కష్టంగా ఉంది. 1963లో అలెన్ క్లైన్ అనే అకౌంటెంట్ వచ్చాడు. ఆర్సీఏ లెక్కల పుస్తకాలు తెరిపించి రావాల్సిన డబ్బు రాబట్టాడు. లెక్క చూపించమని జీవితమంతా అడిగిన కుక్‌కు ఇంతకంటే నమ్మదగ్గవాడు ఎవడు కనిపిస్తాడు? పన్ను తగ్గుతుందని, టేపులు ఆర్సీఏ చేతిలో కాకుండా విడి కంపెనీలో ఉంటాయని చెప్పి ట్రేసీ లిమిటెడ్ అనే కంపెనీ పెట్టించాడు. ట్రేసీ కుక్ కూతురు పేరు. కూతురు పేరు పెట్టిన ఆ కంపెనీకి కాగితాల మీద యజమాని మాత్రం క్లైన్. తమ్ముడి పేరు పెట్టి హక్కు కాపాడుకున్నవాడే, ఆరేళ్ల తర్వాత కూతురి పేరు చూసి హక్కు పోగొట్టుకున్నాడు.

బతికుంటే దాన్ని సరిచేసుకునేవాడేమో. ఆ ఒప్పందం తర్వాత సుమారు ఏడాదికే, 1964 డిసెంబరు 11న, మోటెల్ మేనేజర్ తుపాకీ గుండుకు బలయ్యాడు. ఆత్మరక్షణ కోసం కాల్చిందని తేల్చి కేసు మూసేశారు. ఎస్ఏఆర్ రికార్డ్స్ కొద్దికాలానికే మూతపడింది. కాగ్స్ పబ్లిషింగ్, ఎస్ఏఆర్ టేపులు, ట్రేసీ హక్కులు అన్నీ కాలక్రమంలో క్లైన్ కంపెనీ ఆబ్కో చేతికి చేరాయి. వోమాక్ పాట పాడి పైకొచ్చిన రోలింగ్ స్టోన్స్ కూడా తర్వాత అదే క్లైన్‌ను నమ్మి, తమ 1960ల పాటలు అదే కంపెనీకి కోల్పోయారు. చనిపోయిన రాత్రి ఏం జరిగిందని పుస్తకాలకు పుస్తకాలు రాస్తున్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టిన పగలు ఏం జరిగిందో అందులో పదో వంతు కూడా ఎవరూ తవ్వరు. అతని పిల్లల బతుకును మార్చింది రెండూనూ.

అయితే అతను వేసిన దారి మూసుకుపోలేదు. మరో సోల్ గాయకుడు రే చార్ల్స్ ఏబీసీ పారమౌంట్ కంపెనీకి మారేటప్పుడు తన టేపులు చివరికి తనకే చెందాలని ఒప్పందంలో రాయించుకున్నాడు. షికాగోలో గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ చిన్న వయసులోనే సొంత పబ్లిషింగ్ పెట్టుకుని, 1968లో కర్టమ్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. సోల్ సంగీతం ప్రేమనో, భక్తినో పాడిందని చెబుతారు. ఆ తరంలో గట్టివాళ్లు ముగ్గురు నలుగురు ఒకే సమయంలో ఒకే ప్రశ్న వేసుకున్నారన్నది నాకు ఇంకా పెద్ద సంగతి.

ఇదే ప్రశ్న అదే దశాబ్దంలో మన దేశంలోనూ లేచింది. 1960ల్లో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీ ఇవ్వాలని పట్టుబట్టారు. పాడినందుకు డబ్బు తీసుకున్నాక ఇక హక్కేమిటని మహమ్మద్ రఫీ అన్నారు. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా రఫీ సాహెబు మంచితనం, లతా పట్టుదల అన్న లెక్కలో చెప్పి వదిలేస్తాం. లతా అన్నదే సరైన మాట. కూలి తీసుకుంటే పొలం మీద హక్కు పోతుందన్నది దొర పెట్టిన నియమం, ఆ నియమాన్ని మంచితనం అనుకోవడం మన అలవాటు. 1977లో సుప్రీంకోర్టు కూడా, వేరే ఒప్పందం లేకపోతే సినిమా కోసం రాయించిన పాటకు నిర్మాతే యజమాని అని తేల్చింది. 2012లో కాపీరైట్ చట్టం సవరించి పాట రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో సమాన వాటా ఉంటుందని, దాన్ని రాసిచ్చేసినా చెల్లదని చెప్పేదాకా అదే పరిస్థితి. గాయకులకు రాయల్టీ హక్కు చట్టంలోకి వచ్చింది కూడా అప్పుడే.

2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్లినప్పుడు మన తెలుగువాళ్లం ఎలా మాట్లాడామో గుర్తుందా? స్నేహితుడికి నోటీసా అన్నాం. డబ్బు ఆశ అన్నాం. బాలు గారి మీద ప్రేమతో అన్నాం, నేనూ అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది. పాట కట్టినవారు హక్కు అడగడం తప్పుకాదు, పాడినవారు బాధపడటమూ తప్పుకాదు. ఇద్దరు మహానుభావులు ఒకరికొకరు ఎదురు నిలబడాల్సి రావడం తప్పు. దశాబ్దాల పాటు రచయితకు, స్వరకర్తకు, గాయకుడికి ఎవరి వాటా ఎంతో తేల్చకుండా నడిచిన వ్యవస్థ వాళ్లను అక్కడికి తెచ్చింది. ఈ రోజు తెలంగాణ పల్లెల్లో జానపద పాట పాడి యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్ తెచ్చే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఛానెల్‌వాళ్లు ఒకసారి ఇచ్చిన పారితోషికంతో సరిపెట్టుకున్నవాళ్లే వాళ్లలో ఎక్కువ. వాళ్ల గొంతు గురించి మనం కామెంట్లలో పేజీలు రాస్తాం. కాగితంలో ఏముందమ్మా అని ఒక్కరం అడగం.

కాగితం సంగతి పక్కనపెట్టి పాట వినొచ్చు కదా అనేవాళ్లకు మయామీ సంగతి చెప్తాను. 1963 జనవరి 12 రాత్రి, ఓవర్‌టౌన్ అనే నల్లజాతి వాడలోని హార్లెం స్క్వేర్ క్లబ్బులో కుక్ పాడాడు. కింగ్ కర్టిస్ శాక్సఫోన్. హాలు నిండా తనవాళ్లే. ఆ రాత్రి అతని గొంతు పట్టులా లేదు. బొంగురుగా ఉంది, అరుస్తోంది, ఆగి జనంతో మాట్లాడుతోంది, మళ్లీ పాటలోకి దూకుతోంది. చర్చిలో ఆరేళ్లు దాచిపెట్టిందీ, కోపాకబానాలో చూపించనిదీ మొత్తం బయటికొచ్చేసింది. జనం వెర్రెత్తి అతనితో కలిసి పాడారు. ఆర్సీఏ దాన్ని రికార్డు చేసింది. విన్నది. మరీ మోటుగా ఉందని, అతనికి ఉన్న పేరు చెడుతుందని గోదాములో పడేసింది. ఆ టేపు కుక్‌ది కాదు కాబట్టి అతను చేయగలిగింది ఏమీ లేదు. మరుసటి ఏడాది అదే కంపెనీ కోపాకబానా కచేరీని రికార్డు చేసి విడుదల చేసింది. రెండు దశాబ్దాల పాటు స్టేజి మీద సామ్ కుక్ అంటే అదే అనుకుంది లోకం. మయామీ రికార్డు 1985లో బయటికొచ్చింది. అప్పటికి అతను చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది.